బాత్రూమ్ తలుపు బయట “ఉన్నానమ్మా” అంటూ ఎన్నాళ్లు నిలబడాలి?

గోదారమ్మాయి | జూలై 6, రాత్రి 10:40

నమస్తే అందరికీ. చాలాకాలంగా ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. ఇవాళ రాయక తప్పట్లేదు.

మా పాపకి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. హైదరాబాద్‌లో ఉంటాం, మా అత్తగారు మాతోనే ఉంటారు. పాప చదువులో బాగానే ఉంటుంది, డాన్స్ అంటే ప్రాణం. కానీ ఒంటరిగా ఒక్క నిమిషం ఉండలేదు. స్నానానికి వెళ్తే నేను తలుపు బయట నిలబడాలి, తలుపు జానెడు తెరిచి ఉంచాలి. కాసేపటికోసారి “అమ్మా, ఉన్నావా?” అంటుంది. “ఉన్నానమ్మా” అనాలి. పలకడం కాస్త ఆలస్యమైతే ఒంటి మీద సబ్బుతోనే బయటికి పరిగెత్తుకొస్తుంది. మొన్న బుధవారం లెక్కపెట్టాను. ఒక్క స్నానానికి 34 సార్లు “ఉన్నానమ్మా” అన్నాను. పొయ్యి మీద పాలు పొంగి స్టవ్ అంతా పారాయి.

సోమవారం వస్తే కడుపునొప్పి. స్కాన్ తీయించాం, రక్తపరీక్షలు చేయించాం, అన్నీ నార్మల్. జడుసుకుందేమోనని అత్తగారు మసీదు దగ్గర ఊదించి తాయెత్తు కట్టించారు. కొన్నాళ్లు తగ్గినట్టే ఉంది, మళ్లీ మామూలే.

చివరికి పిల్లల సైకియాట్రిస్టుకి చూపించాం. ఆయన పాపతో, మాతో విడివిడిగా మాట్లాడి, ఇది యాంగ్జయిటీ, అంటే అతిగా భయపడే, ఆందోళనపడే సమస్య అని చెప్పి ఒక సైకాలజిస్టు దగ్గరికి పంపారు. ఆవిడ ఫోన్లోనే, “పాపని తీసుకురావద్దు, మీరూ మీవారూ రండి” అన్నారు. “జబ్బు పిల్లకైతే మందు మనకా?” అని మావారికి దారిపొడుగునా చిరాకే. అక్కడ మా ఇద్దరికీ చెరో కాగితం ఇచ్చి, పాప భయపడకుండా ఉండడానికి రోజూ మీరు చేసే పనులన్నీ రాయండి అన్నారు. మావారు 3 రాశారు. నేను 19 రాశాను, కాగితం తిప్పి వెనకవైపు కూడా రాశాను. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఆవిడ ఏమీ అనలేదు. నాకే ఏడుపొచ్చింది.

అడిగేది ఏమిటంటే, ఇలా పిల్లని కూర్చోబెట్టకుండా అమ్మానాన్నలతోనే చేసే వైద్యం నిజంగా ఉందా? ఎవరైనా చేయించారా? లేక నావల్లే పాప ఇలా తయారైందని మర్యాదగా చెబుతున్నారా?

నల్లగొండ_నర్సన్న | జూలై 6, రాత్రి 11:05

ఏమనుకోకు అక్కా, ఉన్నమాట చెప్తా. మా చిన్నప్పుడు బావి కాడ స్నానం. పాములుండేవి, తేళ్లుండేవి. ఎవరూ బయట నిలబడి పలకలేదు. మా నాయిన ఒక్క చూపు చూస్తే భయం గియం అన్నీ బందు. మీరు గారాబం చేసి నెత్తికెక్కించుకున్నరు. తలుపేసి బయట గడియ పెట్టండి, రెండు రోజులు ఏడుస్తది, మూడో రోజు సల్లబడ్తది. దీనికి కౌన్సెలింగు, ఫీజు, అంతా పైసల దందా.

పలక_బలపం | జూలై 7, ఉదయం 6:20

నేను విజయవాడలో పిల్లల క్లినికల్ సైకాలజిస్టుని. నర్సన్నా, గడియ మాత్రం పెట్టించకండి. మిగతాది తర్వాత పోట్లాడుకుందాం.

గోదారమ్మాయిగారూ, మీ చివరి ప్రశ్నకి ముందు జవాబు. మీవల్ల కాదు. కొందరు పిల్లలు పుట్టుకతోనే ఎక్కువ బెదిరే స్వభావంతో వస్తారు. కోడిపిల్లకి గద్ద నీడ కనబడితే తల్లి రెక్క కిందికి దూరుతుంది, తల్లి రెక్క ఎత్తుతుంది. రెండూ ఆలోచించి చేసేవి కావు. మీరు 34 సార్లు పలకడం కూడా అలా రెక్క ఎత్తడమే. అయితే గద్ద లేని రోజు కూడా రెక్క ఎత్తుతూనే ఉంటే పిల్ల ఏం నేర్చుకుంటుంది? గద్ద ఉండే ఉంటుంది, లేకపోతే అమ్మ ఎందుకు రెక్క ఎత్తుతుంది అనుకుంటుంది. రెక్క లేకుండా బతకలేననీ అనుకుంటుంది. భయం మీరు పుట్టించలేదు. రోజూ దానికి మేత మాత్రం మీ చేతి మీదుగా పోతోంది.

ఈ మేతనే మేం అకామడేషన్ అంటాం, మన మాటలో సర్దుబాటు. మొదట ఓసీడీ, అంటే వద్దనుకున్నా ఒకే ఆలోచన, ఒకే పని పదేపదే వచ్చే జబ్బు ఉన్నవాళ్ల ఇళ్లలో దీన్ని గమనించారు. ఇంట్లో ఒకరు పదేపదే చేతులు కడుక్కుంటుంటే మిగతావాళ్లు సబ్బులు కొని తేవడం, తలుపు పిడి తామే తిప్పడం లాంటివి. పిల్లల భయాల్లోనూ ఇదే జరుగుతుంది. కొన్ని సర్దుబాట్లు మనం భయంలో పాలుపంచుకునేవి, మీ “ఉన్నానమ్మా” లాంటివి. కొన్ని ఇంటి పద్ధతినే మార్చేవి, పాప భయపడుతుందని సినిమాలకీ పెళ్లిళ్లకీ మానేయడం లాంటివి.

మీ డాక్టరమ్మ చేస్తున్నది చాలావరకు స్పేస్ అనే పద్ధతి అయి ఉండాలి. అమెరికాలోని యేల్ చైల్డ్ స్టడీ సెంటర్‌లో ఎలీ లెబోవిట్జ్ అనే సైకాలజిస్టు రూపొందించారు. పిల్లని మార్చడానికి పిల్లతో పని లేదు, అమ్మానాన్నలు తమ ప్రవర్తన మార్చుకుంటే చాలన్నది దాని పట్టు. 2020లో అచ్చయిన వాళ్ల పరీక్షలో యాంగ్జయిటీ ఉన్న 7 నుంచి 14 ఏళ్ల పిల్లలు 124 మందిని లాటరీ పద్ధతిలో రెండుగా విడదీశారు. ఒక గుంపులో పిల్లలకే సీబీటీ ఇచ్చారు, అంటే ఆలోచననీ అలవాటునీ మార్చే చికిత్స. రెండో గుంపులో తల్లిదండ్రులకి మాత్రమే స్పేస్, పిల్లలు థెరపిస్టు మొహం కూడా చూడలేదు. రెండూ 12 వారాలు. చివరికి లెక్క చూస్తే తల్లిదండ్రుల పద్ధతి సీబీటీకి తీసిపోలేదు.

ఇప్పుడు నర్సన్న మాట. గడియ పెట్టడం పిల్ల చేత బలవంతంగా చేయించడం. స్పేస్‌లో పిల్ల ఏం చేయాలో మీరు చెప్పరు, మీరేం చేయబోరో చెబుతారు. పాప స్నానం చేస్తుందో మానేస్తుందో, తలుపు తీసుకుంటుందో వేసుకుంటుందో ఆమె ఇష్టం. మీరు మాత్రం 34 సార్లు పలకరు. తేడా చిన్నదిగానే కనబడుతుంది, ఇంట్లో చేసి చూస్తే తెలుస్తుంది.

లెక్కల_మాస్టారు | జూలై 7, ఉదయం 7:45

శ్రీకాకుళం జిల్లా, ప్రభుత్వ ఉన్నత పాఠశాల. అంకెలు కనబడితే ఊరుకోలేని జబ్బు నాది, మన్నించాలి. మేడమ్‌గారూ, “తీసిపోలేదు” అన్నారు, బాగుంది. కానీ ఏ చికిత్సా ఇవ్వకుండా ఉంచిన గుంపు ఆ 124 మందిలో ఉందా? లేకపోతే రెండు గుంపులూ కాలంతో పాటు వాటంతటవే బాగుపడ్డాయని ఎందుకు అనుకోకూడదు?

పలక_బలపం | జూలై 7, మధ్యాహ్నం 1:10

మాస్టారూ, సరిగ్గా పట్టుకున్నారు. ఆ పరీక్షలో అలాంటి గుంపు లేదు. ఒకే కేంద్రంలో, అమెరికా కుటుంబాలతో జరిగింది. కాబట్టి అత్తగారు కూడా ఉండే హైదరాబాద్ ఇంటికి అలాగే అతుకుతుందని ఎవరూ ప్రమాణం చేయలేరు. అయితే పోల్చింది ఊరూపేరూ లేని దానితో కాదు. సీబీటీ అప్పటికే మందు లేని ఉత్తి మాత్రతో పోల్చి నిలబడిన చికిత్స. 2008లో అచ్చయిన పెద్ద అమెరికన్ పరీక్షలో 7 నుంచి 17 ఏళ్ల పిల్లలు 488 మంది ఉన్నారు. బాగా మెరుగైనవాళ్లు సీబీటీతో దాదాపు 60 శాతం, సెర్ట్రలిన్ అనే యాంగ్జయిటీ మందుతో 55, రెండూ కలిపితే 81, ఉత్తి మాత్రతో 24. ఆ 60 పక్కన నిలబడగలిగింది కాబట్టే నేను స్పేస్‌ని లెక్కలోకి తీసుకుంటాను.

ఎడిసన్_బాబాయ్ | జూలై 7, సాయంత్రం 6:30

మేం చేశామండీ, న్యూజెర్సీలో, వీడియో కాల్ మీద. మావాడికి అప్పుడు 11. రాత్రి పడుకునే ముందు “తాళం వేశావా? స్టవ్ ఆపావా? రేపు నువ్వే వస్తావా పికప్‌కి? ఏమీ కాదు కదా?” అని వరస. జవాబిస్తే మళ్లీ మొదటినుంచి. నేను ఫోటో తీసి చూపించేవాణ్ని, ఇదిగో తాళం అని. ఆ ఫోటో నిన్నటిదేమో అనేవాడు. అప్పుడు ఫోటోలో వాచీ కూడా పడేలా తీయడం మొదలెట్టాను. నవ్వకండి.

థెరపీకి రమ్మంటే వాడు కారు దిగలేదు. ఆ పార్కింగ్ లాట్‌లో 40 నిమిషాలు కూర్చుని తిరిగొచ్చేశాం. అందుకే తల్లిదండ్రుల పద్ధతి అనగానే ఎగిరి గంతేశాం. 12 వారాలు, వారానికో గంట. మావాడు ఒక్కసారి కూడా స్క్రీన్ ముందుకి రాలేదు.

మొదటి కొన్ని వారాలు ఏమీ మార్చనివ్వలేదు, రాసుకోవడమే. ఎన్నిసార్లు అడిగాడు, ఎవరు జవాబిచ్చారు, ఎంతసేపు పట్టింది. తర్వాత ఒక్క సర్దుబాటే ఎంచుకోమన్నారు. ఆ తర్వాత ఉత్తరం. అవునండీ, మన కొడుకుకి మనం ఉత్తరం రాయాలి. గొడవ జరుగుతున్నప్పుడు కాదు, మామూలు ఆదివారం పూట. మేం తెలుగులోనే రాశాం, వాడికి చదవడం రాదు కాబట్టి వాళ్లమ్మ చదివి వినిపించింది. దాదాపు ఇలా ఉండేది:

“కన్నా, రాత్రిపూట నీకు నిజంగానే భయమేస్తుందని మాకు తెలుసు. అది నటన కాదు. ఆ భయాన్ని నువ్వు ఓర్చుకోగలవని కూడా మాకు నమ్మకం. ఇన్నాళ్లూ నువ్వు అడిగినన్నిసార్లూ జవాబు చెప్పాం. దానివల్ల భయం తగ్గలేదు, పెరిగింది. అందుకని రేపటి నుంచి తొమ్మిదింటికి ఒక్కసారి చెబుతాం. తర్వాత అడిగితే జవాబు చెప్పం. కోపంతో కాదు, నీ మీద ప్రేమతోనే.”

విని వాడు కాగితం లాక్కుని ఉండ చుట్టి చెత్తబుట్టలో వేశాడు. థెరపిస్టు ముందే చెప్పింది, అలా చేసినా పర్లేదు, విన్నాడు కదా, చాలు అని.

మొదటి నాలుగు రాత్రులు నరకం. గంటన్నర ఏడుపు. టీవీ రిమోట్ గోడకి తగిలి బ్యాటరీలు సోఫా కిందికి పోయాయి. మా ఆవిడ మెట్ల మీద కూర్చుని చున్నీ నోట్లో కుక్కుకుంది. అరవకూడదు, కొట్టకూడదు, బుజ్జగించకూడదు, వాదించకూడదు. నేనొకసారి ఓడిపోయి ఫోటో తీశాను కూడా. ఆరో రాత్రి పది నిమిషాల్లో ఊరుకున్నాడు. పూర్తిగా పోయిందా అంటే, ఇప్పటికీ పరీక్షల ముందు ఒకటి రెండుసార్లు అడుగుతాడు. వాచీ ఫోటో మాత్రం లేదు.

నాన్నమ్మ_1954 | జూలై 8, ఉదయం 5:15

నేను ఏలూరు నుంచి. నా మనవడు ఫోన్లో తెలుగు టైపింగ్ నేర్పాడు, తప్పులుంటే సర్దుకోండి.

చిన్నపిల్ల గంటన్నర ఏడుస్తుంటే తల్లి మెట్ల మీద కూర్చుందా? వినడానికే ఒళ్లు గగుర్పొడుస్తోంది. మేం నలుగురు పిల్లల్ని ఒకే గదిలో, ఒకే పక్క మీద పడుకోబెట్టి పెంచాం. ఎవరికైనా పీడకల వస్తే చెయ్యి వేసి “నేనున్నాను, పడుకో” అన్నాం. వాళ్లేమీ చెడిపోలేదు, ఒకడు నేవీలో చేశాడు. పక్కన తల్లి ఉండడం కూడా జబ్బేనా ఇప్పుడు? పుట్టినప్పటినుంచే పిల్లని వేరే గదిలో పడుకోబెట్టే దేశం వాళ్ల లెక్కలు మనకెందుకు తల్లీ?

కెరటం | జూలై 8, ఉదయం 9:00

నాన్నమ్మగారి మాట నాక్కూడా సబబుగానే ఉంది. మన ఇళ్లలో పిల్లలు పక్కన పడుకుంటారు, తొమ్మిదేళ్లొచ్చినా అన్నం కలిపి ముద్దలు పెడతాం. ఇవన్నీ సర్దుబాట్లయితే తెలుగు ఇల్లే ఒక పెద్ద సర్దుబాటు.

పలక_బలపం | జూలై 8, మధ్యాహ్నం 2:25

పెద్దమ్మగారూ, మీరడిగింది మా క్లినిక్‌లో వారానికి రెండుసార్లయినా వింటాను. పక్కన పడుకోవడం సర్దుబాటు కాదండీ, అది మన పద్ధతి. నేను వాడే కొలత ఒకటుంది. భయం లేని పిల్లకి కూడా మీ ఇంట్లో అదే చేస్తారా? చేస్తే అది ఆచారం. మీ నలుగురూ ఒకే పక్క మీద పడుకున్నారు, ఎవరికీ దానివల్ల ఏదీ ఆగలేదు. అదే పక్క మీద పడుకున్న పిల్ల, అర్ధరాత్రి తల్లి మంచినీళ్లకి లేవనివ్వకుండా కొంగు చేతికి చుట్టుకుని, ఆ తల్లి తెల్లారేదాకా దాహంతో పడుకుంటే అది వేరే సంగతి. కొంగు ముడి సంగతి కల్పన కాదు, ఒక తల్లి నాకు చెప్పిందే.

అన్నం ముద్దలు కూడా అంతే. ప్రేమతో పెట్టే ముద్ద ఎవరూ ఆపక్కర్లేదు. గొంతులో ఇరుక్కుంటుందన్న భయంతో పిల్ల నమలకపోతే, ఆ భయం కోసం మనం మిక్సీలో మెత్తగా చేసి పెడుతుంటే అది చూసుకోవాలి.

“నేనున్నాను, పడుకో” అన్నారు చూడండి, ఆ మాటలో మీరు రెండు పనులు చేశారు. భయాన్ని కొట్టిపారేయలేదు, అలాగని లేచి దీపాలన్నీ వెలిగించి ఇల్లంతా వెతకలేదు. పడుకోగలడు అన్న ధీమా మీ గొంతులోనే ఉంది. స్పేస్‌లో తల్లిదండ్రులకి నేర్పే మొదటి పాఠం అదే.

మన ఇళ్లలో సాధారణంగా ఏమవుతుందో చెబుతాను. నాన్న “ఏం కాదులే, భయమెందుకు, ఆంజనేయస్వామిని తలుచుకో పో” అంటాడు. ధీమా ఉంది, కానీ నీ భయం నాకు తెలుసు అన్న మాట లేదు. అమ్మ “పాపం చిన్నపిల్ల, భయపడుతుంది, వదిలేయండి” అంటుంది. అర్థం చేసుకోవడం ఉంది, నువ్వు చేయగలవు అన్న మాట లేదు. ఆపైన ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటారు, పిల్ల మధ్యలో నిలబడి వింటుంది. రెండు సగాలూ ఒకే నోట రావాలి. “భయమేస్తోంది కదూ, తెలుసు. భయంతోనే చేసేయగలవు నువ్వు.” అంతే. మా దగ్గర తల్లిదండ్రులు దీన్ని అద్దం ముందు ప్రాక్టీసు చేస్తారు. మొదట్లో అచ్చం రేడియో ప్రకటనలా వస్తుంది.

లెక్కల_మాస్టారు | జూలై 8, రాత్రి 8:50

అరవకూడదు, కొట్టకూడదు, వాదించకూడదు, నా పని మాత్రం నేను మానేస్తాను. ఇది ఎక్కడో విన్నట్టుందే. మేడమ్‌గారూ, ఇది సత్యాగ్రహం కాదా?

పలక_బలపం | జూలై 8, రాత్రి 9:30

మాస్టారూ, మీరు సరదాకి అన్నా నిజంగానే ఆ దారిలోంచే వచ్చింది. ఇజ్రాయెల్‌లో హైమ్ ఓమెర్ అనే సైకాలజిస్టు, మొండిగా ఎదురుతిరిగే పిల్లల తల్లిదండ్రుల కోసం అహింసాత్మక ప్రతిఘటన అనే పద్ధతి తయారుచేశారు. గాంధీగారి నుంచీ మార్టిన్ లూథర్ కింగ్ నుంచీ తీసుకున్నానని ఆయనే చెప్పుకున్నారు. స్పేస్‌లో ఆ ఛాయలు చాలా ఉన్నాయి. ముందుగా ప్రకటించడం, చెప్పిన దానికి కట్టుబడడం, బంధువుల్ని తోడు పిలుచుకోవడం.

లెక్కల_మాస్టారు | జూలై 8, రాత్రి 9:48

అయితే వైస్రాయ్‌కి గాంధీగారు ఉత్తరం రాసి మరీ ఉప్పుకి బయల్దేరినట్టు, ఎడిసన్ బాబాయ్‌గారు కూడా ఉత్తరం రాశారన్నమాట. బాగుంది.

కానీ ఒక జాగ్రత్త. మా బడిలో ఆరో తరగతి కుర్రాడు రోజూ ప్రార్థన వేళకి కడుపునొప్పి అనేవాడు. అందరూ భయం అన్నారు, నేనూ అన్నాను. తీరా చూస్తే పెద్ద తరగతి పిల్లలు ఇద్దరు వాడి జేబు తడిమి డబ్బులు తీసుకుంటున్నారు. అక్కడ గద్ద నిజంగానే ఉంది. వాడికి రెక్క తీసేస్తే పాపం కాదా? కనుక ముందు బడిలో వాకబు చేయండి. టీచరు కొడుతున్నారా, ఎవరైనా ఏడిపిస్తున్నారా, చదవమంటే అక్షరాలు కలిసిపోతున్నాయా. వ్యాన్ డ్రైవరు దగ్గర్నుంచి ట్యూషన్ దాకా అన్నీ చూసుకోండి.

పలక_బలపం | జూలై 8, రాత్రి 10:05

ఈ మాటని పైన పిన్ చేయమని నిర్వాహకులకి విన్నపం. పిల్ల బాగా దిగులుగా ఉన్నా, చచ్చిపోతానన్న మాట నోట వచ్చినా, తిండి బాగా తగ్గిపోయినా ముందు డాక్టరు, తర్వాతే ఇవన్నీ.

నిర్వాహకులు | జూలై 9, ఉదయం 10:00

పిన్ చేశాం. “3 రోజుల్లో పిల్లల భయం మాయం” అంటూ చుక్కలమందు అమ్మిన ఒక పోస్టు తీసేశాం, ఆ సభ్యుడు మళ్లీ వస్తే చెప్పండి. మందుల మోతాదులు ఇక్కడ అడగొద్దు. దగ్గర్లో ఎవరూ లేనివాళ్లకి ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416. 2022 అక్టోబరులో మొదలైంది, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. క్లినికల్ సైకాలజిస్టు అని చెప్పుకునేవాళ్లకి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

కెరటం | జూలై 9, రాత్రి 11:40

పొద్దున్నుంచీ రాయాలా వద్దా అనుకుంటున్నాను. ఇది చిన్నప్పుడు భయపడ్డవాడి వైపు నుంచి.

నేను బయటివాళ్లతో మాట్లాడేవాణ్ని కాదు. ఎవరైనా పేరడిగితే మా అమ్మ చెప్పేది. కొట్లో చాక్లెట్ కావాలంటే అమ్మ కొంగు లాగితే చాలు. చుట్టాలు వస్తే “వాడు మాట్లాడడులెండి, సిగ్గు” అని ముందే చెప్పేసేది. నాకు ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. స్కూల్లో టీచరుకి చీటీ రాసిచ్చింది, వీణ్ని లేపి చదివించొద్దని. పదేళ్లపాటు నా గొంతు అమ్మే.

ఇంజినీరింగ్ చివరి ఏడు క్యాంపస్ ఇంటర్వ్యూలో “మీ గురించి చెప్పండి” అన్నారు. నేను తల తిప్పి పక్కకి చూశాను. నిజంగా పక్కకి చూశాను, ఎవరో చెబుతారన్నట్టు. అక్కడ ఒక కూలర్ ఉంది. ఇప్పటికీ ఆ కూలర్ రంగు గుర్తుంది.

అమ్మ మీద నాకు కోపం లేదు. ఆమె నన్ను కాపాడుతున్నాననే అనుకుంది, ఎవరూ ఆమెకి వేరేగా చెప్పలేదు. గోదారమ్మాయిగారికి ఎవరో చెబుతున్నారు కదా, నాకు కాస్త అసూయగా ఉంది. నిన్న సరదాగా రాసిన తెలుగు ఇల్లు మాట వెనక్కి తీసుకుంటున్నాను, సగం మాత్రమే.

గోదారమ్మాయి | జూలై 10, రాత్రి 10:15

అందరికీ దణ్ణం. కెరటంగారూ, మీది రెండుసార్లు చదివాను.

రెండో సెషన్‌కి వెళ్లొచ్చాం. 19లోంచి ఒక్కటే ఎంచుకోమన్నారు. బడి ఎంచుకుందామని నేనంటే ఆవిడ వద్దన్నారు. రోజూ జరిగేది, మన చేతిలో ఉన్నది, ఎవరి మీదా ఆధారపడనిది కావాలట. అందుకని “ఉన్నానమ్మా” దగ్గరే మొదలు. నీళ్లు పట్టుకునేటప్పుడు ఒక్కసారి, మధ్యలో ఒక్కసారి పలుకుతాను. తర్వాత వంటింట్లో ఉంటాను.

చిక్కు మా అత్తగారితో. నేను పలకకపోతే ఆవిడ హాల్లోంచి “నేనున్నాలే బంగారం” అంటారు. వద్దని ఎలా చెప్పను? మొన్న చెప్పబోతే “నా మనవరాలికి పలకడానికి కూడా మీ డాక్టరమ్మ పర్మిషన్ కావాలా” అన్నారు. మావారు పేపరు అడ్డం పెట్టుకున్నారు.

నాన్నమ్మ_1954 | జూలై 11, ఉదయం 5:05

అమ్మాయ్, నేను మీ అత్తగారి పక్షం, ముందే చెబుతున్నా. ఆవిడని వద్దు అన్నావు గానీ ఏం చేయాలో చెప్పావా? ముసలివాళ్లకి చేతిలో పని తీసేస్తే ఊరుకోం. వేరే పని ఇవ్వు.

పలక_బలపం | జూలై 11, ఉదయం 7:30

పెద్దమ్మగారూ, ఈ మాట కోసం నేను పావుగంట పోస్టు రాసి ఉండేదాన్ని, మీరు రెండు ముక్కల్లో చెప్పారు. గోదారమ్మాయిగారూ, వచ్చే సెషన్‌కి అత్తగారినీ తీసుకెళ్లండి. ఈ పద్ధతిలో బంధువులకి ఒక స్థానం ఉంది. స్నానం అయ్యాక పాప దగ్గరికెళ్లి, “ఇవాళ నీకు భయమేసినా లోపలే ఉన్నావటగా, అమ్మ చెప్పింది” అనే పని ఆవిడది. తల్లి చెబితే రాని విలువ నాన్నమ్మ నోట వస్తే వస్తుంది. స్నానం టైముకి ఆవిడని పూలు కోసుకు రమ్మనండి.

నల్లగొండ_నర్సన్న | జూలై 11, రాత్రి 9:15

అందరూ చెప్పేది చదువుతున్న. గడియ మాట తప్పే, ఒప్పుకుంటున్న. కానీ నాకు అర్థం కానిది ఒకటి. తల్లి పలకకపోతే పిల్ల నమ్మకం పోదా? అమ్మ అబద్ధమాడింది అనుకోదా?

ఎడిసన్_బాబాయ్ | జూలై 11, రాత్రి 11:20

నర్సన్నా, అందుకే ముందు ఉత్తరం. చెప్పకుండా మానేస్తే మోసం. చెప్పి మానేస్తే పిల్ల తిట్టుకుంటుంది గానీ నమ్మకం పోదు. మావాడు ఒకసారి అన్నాడు, “మీరు చెప్పింది చేస్తారని తెలుసు, అందుకే అడగడం వేస్ట్” అని. తిట్టాడో మెచ్చుకున్నాడో ఇప్పటికీ తేలలేదు.

గోదారమ్మాయి | ఆగస్టు 24, రాత్రి 10:50

నెలన్నర అయింది. అడిగినవాళ్లందరికీ ఒకేసారి చెబుతాను.

ఉత్తరం చదివి వినిపించాం. పాప చెవులు మూసుకుంది. మొదటి రోజు మూడో “అమ్మా ఉన్నావా”కి నేను పలకలేదు. సబ్బుతో బయటికొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి ఏడ్చింది, గచ్చంతా నురగ. నేను తువ్వాలు కప్పి, “భయమేసింది కదూ, తెలుసు. భయంతోనే చేసేయగలవు నువ్వు” అన్నాను. గొంతు వణికింది, రేడియో ప్రకటన కంటే ఘోరంగా వచ్చింది. ఆ రోజు సబ్బు కడుక్కోకుండానే బడికెళ్లింది. నేను వెళ్లి పొంగిన సాంబారు తుడుచుకున్నాను.

రెండో వారం 34 కాస్తా 50 దాటింది. ఆగిపోదాం అనుకున్నాను. మావారే ఆపనివ్వలేదు, పేపరు పక్కన పెట్టి. మూడో వారం నుంచి తగ్గుతూ వచ్చింది. ఒకరోజు లోపల్నుంచి ఏదో గొణుగుడు వినిపిస్తే చెవి పెట్టి విన్నాను. “అమ్మా ఉన్నావా” అని తనే అడిగి, నా గొంతు పెట్టి “ఉన్నానమ్మా” అని తనే పలుకుతోంది. అచ్చం నా రాగమే. నవ్వాలో ఏడవాలో తెలియక గోడకి ఆనుకున్నాను.

అత్తగారు రోజూ స్నానమయ్యాక పాప జడ వేస్తూ, ఇవాళ ఎన్నిసార్లని అడిగి క్యాలెండర్ మీద రాస్తున్నారు. తాయెత్తు తీయలేదు, డాక్టరమ్మ కూడా తీయమనలేదు.

శ్రావణంలో మా పిన్ని కూతురి పెళ్లికి రాజమండ్రి వెళ్లాం. అక్కడ బాత్రూమ్ పెరట్లో. మొత్తం కూలిపోయింది. మూడు రోజులూ నేను అరటిచెట్టు కింద నిలబడి పలికాను, మధ్యలో మా అమ్మ, ఇద్దరు పిన్నులు, పెళ్లికూతురు కూడా పలికారు. తిరిగొచ్చాక మళ్లీ మొదట్నుంచి, కాకపోతే ఈసారి నాలుగు రోజుల్లోనే దారికొచ్చింది.

నిన్న 3. ఇవాళ 5. సోమవారం కడుపునొప్పి ఇంకా ఉంది, దాని ఉత్తరం ఇంకా రాయలేదు.

నాన్నమ్మ_1954 | ఆగస్టు 25, ఉదయం 5:10

అరటిచెట్టు కింద పలకడం తప్పు కాదు, పరాయిచోట ఎవరికైనా భయమే. డాక్టరమ్మ ఒప్పుకోకపోయినా నేను ఒప్పుకుంటున్నా.

పలక_బలపం | ఆగస్టు 25, ఉదయం 8:00

డాక్టరమ్మ కూడా ఒప్పుకుంటుంది పెద్దమ్మగారూ.

నల్లగొండ_నర్సన్న | ఆగస్టు 25, రాత్రి 10:30

మేడమ్, ఒకటి అడుగుతా, నవ్వొద్దు. మా చిన్నోడు ఏడో తరగతి. రోజూ నేనే బండి మీద బడికి దింపుతా, పోను రాను 22 కిలోమీటర్లు. నాలుగేండ్ల నుంచి. ఇది గుడ సర్దుబాటేనా?

పలక_బలపం | ఆగస్టు 25, రాత్రి 10:41

బస్సు లేక దింపుతున్నారా అన్నా, బస్సు ఎక్కలేక దింపించుకుంటున్నాడా?

నల్లగొండ_నర్సన్న | ఆగస్టు 25, రాత్రి 11:26

బస్సు మా ఇంటి ముందే ఆగుతది.